కన్నీటి సుడి

పోయిన వారం మన బయ్యన్నను గుర్రం మీద వదిలిపెట్టి వచ్చాం. దిగుదామంటే భయం, ఉందామంటే సిగ్గు. బత్తలపల్లె దాటాక ముదిగుబ్బ రోడ్డు పక్కనున్న నబీ సాబ్ దొడ్డిలో, బిజిలీ అనే తెల్ల ఆడగుర్రం వీపు మీద, కంబళి అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఇంట్లో భార్య లక్ష్మీదేవితో మాత్రం బోరు మోటారు రిపేరుకిచ్చి వస్తానని చెప్పాడు. ఈమధ్య ఆ మోటారు ఊళ్ళో ఏ మోటారూ కాలనంతగా కాలిపోతోంది. ఆమె ఒక్కసారి కూడా అదేమని అడగలేదు కాబట్టి నమ్మిందనే అనుకుంటున్నాడు పాపం.

కథ మధ్యలో అందుకున్నవాళ్ళకు ఒక మాట చెప్పాలి. చిన్నరాయునిపల్లెలో సుంకులమ్మ జాతర రోజు అమ్మవారి కత్తిని పొలిమేర నుంచి గుడి దాకా గుర్రం మీద తేవడం బయ్యన్న ఇంటివాళ్ళ హక్కు. జీను ఉండదు, కాళ్ళు పెట్టుకోవడానికి రికాబులు ఉండవు. వీపు మీద కంబళి పరిచి, ఒట్టి కాళ్ళతో ఎక్కి, కుడిచేత కత్తి ఎత్తి, ఎడమచేత కళ్ళెం పట్టాలి. వయసులో ఉండగా ఆ విద్య నబీ సాబే నేర్పాడు. తర్వాత పొట్ట పెరిగింది, రాజకీయం పెరిగింది, ఏడాదికి ఒక్కరోజు ఎక్కే గుర్రానికి అభ్యాసం దేనికని మానేశాడు. పోయిన జాతరలో సరిగ్గా గుడి ముందర, అందరి కళ్ళెదుటా పడ్డాడు. కత్తి మట్టిలో పడింది. ఆ ఏడు వాన రాలేదు, శనక్కాయ పంట ఊడలు దిగే టైముకే మాడిపోయింది.

ఇక కారణం దొరకాలి కదా. గుర్రం కంటి కింద వెంట్రుకల సుడి ఉందన్నారు. కన్నీటి సుడి ఉన్న గుర్రం ఎక్కినవాడికి, చూసినవాడికి, ఊరికి కూడా అరిష్టమన్నారు. ఆ మాట చిన్నరాయునిపల్లెలో పుట్టి మండలమంతా తిరిగింది. పెళ్ళికొడుకుల ఊరేగింపుకు బిజిలీని పిలిచేవాళ్ళే లేకుండా పోయారు. ఎందుకు పడ్డాడో బయ్యన్నకు తెలుసు. ఆ రోజు నడుముకు కట్టు వేయించుకుని, నోటికి కూడా కట్టు వేసుకున్నాడు. ఇప్పుడు మళ్ళీ జాతర దగ్గరపడింది. ఈసారి కూడా పడితే కత్తి ఆ ఇంటి గడప దాటిపోతుంది. అందుకని ఏ గుర్రానికి పేరు పోయేదాకా నోరు మూసుకున్నాడో, ఆ గుర్రం మీదే కుదురుగా కూర్చోవడం నేర్చుకుంటున్నాడు. అది ఇర్ఫానా పెట్టిన షరతు. నబీ సాబ్ కూతురామె. బెంగుళూరు పక్కన స్వారీ నేర్పే చోట పనిచేసి వచ్చింది. నేర్చుకుంటే దీని మీద నేర్చుకో, లేదంటే దారి అదిగో అంది.

"అన్నా, కింద ఏమన్నా పారేసుకున్నావా?" అంది ఇర్ఫానా, దొడ్డి నడుమ పొడుగు తాడు కొస పట్టుకుని. తాడు రెండో కొస బిజిలీకి కట్టి ఉంది. గుర్రం ఆమె చుట్టూ గుండ్రంగా నడుస్తోంది.

"లేదే."

"మరి ఎందుకట్ల నేల చూస్తాండావు? దాని చెవుల మధ్యలోంచి దూరం చూడు. ఆ కొండ మింద గాలిమర తిరుగుతాండాది చూడు, దాన్ని చూడు. తల బరువైంది అన్నా. అది యాడికి వాల్తే ఒళ్ళు ఆడికే పోతాది."

బయ్యన్న గాలిమరను చూశాడు. రెండు అడుగులు పోయాక మళ్ళీ కళ్ళు నేల మీదికి వచ్చాయి. పడినవాడికి నేల మీదే ధ్యాస.

"మడమలు దించు. మోకాళ్ళు బిగించాకు. కూర్చునేది పిర్రల కండ మింద కాదు, దాని లోపలుండే రెండు ఎముకల మింద. రెండూ తగుల్తాండాయా?"

"ఎడమది తగుల్తాండాది."

"కుడిది?"

"దాని జాడ లేదు."

"ఉంటాదిలే, ఎతుకు," అంది ఆమె నవ్వకుండా.

తర్వాత ఒక కట్టె అతని కుడిచేతికి ఇచ్చి, కత్తిలాగా ఎత్తి పట్టుకోమంది. ఎత్తగానే నడుము ఎడమకు ఒరిగింది. ఇన్నేళ్ళూ కత్తి ఎత్తినప్పుడల్లా తన ఒళ్ళు ఇలాగే ఒరిగిందని బయ్యన్నకు అప్పుడు తెలిసింది. ఊరంతా చేతులు జోడించి చూసిన సవారీ, సగం జారిపోయిన మనిషి సవారీ. ముఖం వేడెక్కింది. చూసేవాళ్ళు ఇంకెవరూ లేరు కాబట్టి సరిపోయింది.

"ఇప్పుడు కొంచెం ఉరికిస్తా. భయపడాకు. ఊపిరి వదుల్తా ఉండు."

ఆమె నాలుకతో చప్పుడు చేసింది. బిజిలీ నడక వేగమందుకుంది. బయ్యన్న పొట్ట ఒకవైపు, ప్రాణం ఒకవైపు ఎగిరాయి. తనకు తెలియకుండానే రెండు కాళ్ళూ గుర్రం డొక్కలను పట్టుకున్నాయి. గుర్రం ఇంకా జోరు పెంచింది. చేతులు కళ్ళెం గుంజాయి. గుర్రం తల ఎగరేసి, ఏం చేయాలో తోచక అడ్డంగా తిరిగి నిలబడింది. నోటి నుంచి నురగ కారింది.

ఇర్ఫానా దగ్గరికి వచ్చి గుర్రం మెడ నిమిరింది. అతని వంక చూడకుండా అడిగింది. "ఇప్పుడేం చేసినావో తెలుసునా? కాళ్ళతో పో పో అంటివి. చేతుల్తో నిలబడు అంటివి. అది ఏ మాట ఇనల్ల?"

బయ్యన్న కళ్ళెం వదులు చేశాడు. జాతర రోజు గుడి ముందర టపాకాయలు పేలినప్పుడు కూడా జరిగింది ఇదే. భయపడింది గుర్రం కాదు.

"పోయిన జాత్రలో..." అని ఇర్ఫానా ఏదో అనబోయింది. అంతలో రోడ్డు మీద హారన్ మోగింది. పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు. ఆ హారన్ కొట్టే పద్ధతి ఈ చుట్టుపక్కల ఒక్కడిదే. బయ్యన్న చిన్నాయన కొడుకు రామాంజులుది.

ఇంతసేపూ దిగడం చేతకాని మనిషి గుర్రం మీద నుంచి ఎలా దిగాడో అతనికే తెలియదు. దొడ్డి మూల గుర్రం మేతకు వేసిన శనక్కాయ కట్టె వామి ఉంది. దాని వెనక్కు దూరాడు. దూరాక గుర్తొచ్చింది, గుర్రం ఎక్కే రాయి దగ్గరే చెప్పులు వదిలేశానని. బత్తలపల్లెలో బండి దాచి, ఇంత దూరం నడిచి వచ్చి, చివరికి చెప్పుల దగ్గర దొరికిపోయేలా ఉన్నాడు.

బొలెరో వచ్చి ఆగింది. నబీ సాబ్ కుడితి తొట్టి దగ్గర నుంచి లేచి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. వచ్చేటప్పుడు ఒక్క క్షణం రాయి దగ్గర ఆగి, తన కాళ్ళకు పెద్దవైన ఆ చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని నిలబడ్డాడు. వామి సందులోంచి బయ్యన్న అది చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేదనుకున్నాడు.

"ఏం సాబూ, బాగుండావా?"

"బాగుండా. రాప్పా రామాంజులూ. చాయ్ తాగుదువు రా."

"చాయ్‌కి రాలేదు. ఊర్లో పెద్దోళ్ళు కూచుని మాట్లాడినారు. ఈ యేడు జాత్రకు కదిరి నుంచి గుర్రం తెప్పిస్తాండాము."

"మంచిది. తెప్పించుకోండి."

"అది కాదు. నీ గుర్రం ఈ పక్కల ఉన్నంతకాలం వాన రాదని జనం అంటాండారు. ఆడోళ్ళు నా ఇంటి ముందరికొచ్చి అడుగుతాండారు. శుక్రవారం లారీ పంపిస్తా. కర్నాటక దిక్కు యాడన్నా ఇచ్చెయ్. కొనేటోన్ని కూడా మేమే చూసినాము."

ఇర్ఫానా చేతిలో తాడు బిగుసుకుంది. నబీ సాబ్ మాత్రం గొంతు పెంచలేదు.

"అది ఏం చేసిందప్పా? మీ ఊర్లో ఎంతమంది పిల్లోళ్ళు దాని మింద పెండ్లికొడుకులై ఊరేగినారు. అప్పుడు లేని సుడి ఇప్పుడు యాడ నుంచి వచ్చె?"

"ఉండేది. ఎవరూ చూడలే."

"దాని కంటి కింద ఉండేది సుడి కాదు నాయనా. ఈగలు ముసిరి పుండైతే నేనే పసుపు పెట్టినా. మానిన మచ్చ అది. దగ్గరికొచ్చి చూడు."

"నేను చూసేదేముండాది? ఆ పొద్దు దాని మింద ఉన్నది మా అన్న. పడింది మా అన్న. గుర్రం తప్పు లేదని మా అన్నను ఒక్క మాట చెప్పమను. ఇట్నుంచి ఇట్నే పోతా. మళ్ళ నీ గడప తొక్కను."

ఇర్ఫానా తల తిప్పి వామి వైపు చూసింది. ఎక్కువసేపు కాదు. బయ్యన్నకు మాత్రం ఆ చూపు ఎంతకీ పోలేదు. నాలుగడుగులు వేస్తే చాలు. ఒక్క మాట అంటే చాలు. ఊళ్ళో పంచాయితీల్లో ఇతరుల తప్పులు చెప్పడానికి ఎప్పుడూ తడబడని నోరు అది. కాళ్ళు మాత్రం కదల్లేదు. కట్టె ఆకుల దుమ్ము ముక్కులోకి పోయి తుమ్ము వస్తుంటే, అరచెయ్యి అడ్డం పెట్టి ఆపుకున్నాడు. తుమ్మును ఆపుకున్నంత శ్రద్ధగా తన జీవితంలో ఇంకేదీ ఆపుకోలేదు. ఆ సంగతి తలచుకున్నప్పుడు అన్నిటికంటే ఎక్కువ సిగ్గేసింది.

నబీ సాబ్ ఒక్కసారి కూడా వామి వైపు చూడలేదు.

"మీ అన్న పెద్దమనిషి," అన్నాడు మెల్లగా. "చెప్పేది ఉంటే చెప్తాడు. నేను ఆయన్ను అడిగేది బాగుండదు. శుక్రవారం లారీ పంపియ్యి పో."

బొలెరో వెళ్ళిపోయింది. కొంచెంసేపటికి బయ్యన్న బయటికి వచ్చాడు. జుట్టు నిండా ఎండాకు. ముసలాయన చెప్పులు విడిచి, కాలికి అందేటట్టు తిప్పి అతని ముందర పెట్టాడు.

"నబీ చిన్నాయనా..." అన్నాడు బయ్యన్న.

"పాఠం సగంలో ఆగింది. ఎక్కు."

"ఇంకా నేర్పల్లనా నాయనా ఈయప్పకు?" అంది ఇర్ఫానా. "బిజిలీని లారీ ఎక్కిస్తామని వాడు చెప్పిపోతే, ఈడ నక్కి ఇన్న మనిషికి మనం కూర్చునేది నేర్పల్లనా?"

"నేను నేర్పిన పిల్లోడు. మళ్ళ పడితే నాకే చెడ్డ పేరు."

కోపంతో అని ఉంటే బయ్యన్న తట్టుకునేవాడు. ముసలాయన మామూలుగా అన్నాడు, వాతావరణం గురించి చెప్పినట్టు. బయ్యన్న రాయి ఎక్కి, గుర్రం ఎక్కాడు. తాడు కొస పట్టుకుని ఇర్ఫానా నడుమకు పోయి నిలబడింది. బిజిలీ నడక మొదలుపెట్టింది.

"తల ఎత్తు."

ఎత్తలేకపోయాడు.

"తల ఎత్తన్నా. గాలిమర చూడు."

మెడ మీద ఎవరో చెయ్యి పెట్టి వంచినట్టుంది. వీపు గూనుగా వంగింది, నడుము ముందుకు జారింది, దొరికీ దొరకని కుడి ఎముక మళ్ళీ మాయమైంది. ఇంతసేపు నేర్చుకున్నది ఒక్కటీ ఒంట్లో మిగల్లేదు.

ఇర్ఫానా గుర్రాన్ని ఆపింది. "తల దించుకునేటోనికి నేను ఏమీ నేర్పలేను. ఎందుకు దించుకున్నావో నాకు తెలుసు, నీకు తెలుసు. మాకు అన్నం పెట్టేది ఇది. మా అమ్మ సచ్చిపోయిన యేడు దీన్ని పట్టుకునే ఏడ్చినాను. దిగు. ఇంగ రావాకు."

బయ్యన్న దిగలేదు. కళ్ళెం చేతిలోకి తీసుకున్నాడు.

"తాడు ఇప్పు ఇర్ఫానా."

"ఎందుకు?"

"రైలు గేటు పడే టైము. వాడు ఆడ ఆగుంటాడు."

ఆమె తండ్రి వంక చూసింది. నబీ సాబ్ వచ్చి తానే తాడు విప్పాడు. బిజిలీ మెడ మీద ఒకసారి తట్టి దొడ్డి గేటు తెరిచాడు.

రోడ్డెక్కాక మొదటి వంద గజాలు బయ్యన్న కూర్చున్న తీరు చెప్పుకోకపోతేనే మంచిది. చెట్ల కింద బస్సు కోసం నిలబడ్డవాళ్ళు సెల్‌ఫోన్లు తీశారు. పెద్ద పొట్ట, తెల్లచొక్కా, ఒట్టి కాళ్ళు, జీను లేని గుర్రం. ఒకడు ఈల వేశాడు. ఇంకొకడు, "సుడి గుర్రం రా, చూడాకండి," అన్నాడు. ఆ మాట బయ్యన్నకు బాగా వినబడింది. తాను విననట్టు ఊరుకున్న మాట ఊరూరా ఎంత తేలిగ్గా తిరుగుతోందో మొదటిసారి చెవిన పడింది.

మలుపు దగ్గర ఆర్టీసీ బస్సు ఎదురొచ్చి, పక్కకు రాగానే హారన్ కొట్టింది. బిజిలీ ఉలిక్కిపడింది. బయ్యన్న కాళ్ళు పాత అలవాటు ప్రకారం బిగుసుకోబోయాయి. గుడి, టపాకాయలు, నేల, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఊపిరి వదిలాడు. కాళ్ళు వదులు చేశాడు. కళ్ళెం గుంజకుండా చేతులు కిందికి దించి, రోడ్డు చివరకు చూశాడు. బిజిలీ చెవులు రెండుసార్లు ఆడించి, బస్సు పోయేదాకా నిలబడి, మళ్ళీ నడక అందుకుంది. అంతే జరిగింది. పోయిన జాతరలో అంత మాత్రం చేసి ఉంటే సరిపోయేది.

గేటు పడి ఉంది. బొలెరో ముందర ఉంది. దాని వెనక మోటారు సైకిళ్ళు, ఒక ఆటో, రోడ్డంతా పరుచుకున్న గొర్రెల మంద. ఆటోలో ఉపాధి పని నుంచి వస్తున్న ఆడవాళ్ళు. వాళ్ళలో చిన్నరాయునిపల్లెవాళ్ళు కూడా ఉన్నారు. గొర్రెలు చీలి దారి ఇచ్చాయి. బయ్యన్న బొలెరో కిటికీ పక్కకు వచ్చి ఆగాడు.

రామాంజులు తల బయటపెట్టి, గుర్రాన్ని చూసి, పైకి చూసి, గబుక్కున దిగాడు.

"అన్నా! నువ్వేంది ఈడ? దీని మిందెందుకు ఎక్కినావు?"

"గుర్రం తప్పు లేదు రామాంజులూ." గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. ఆటోలో మాటలు ఆగిపోయాయి. "టపాకాయలకు జడిసింది అది కాదు, నేను. కాళ్ళు బిగించి, కళ్ళెం గుంజి, దాన్ని తికమక పెట్టి నేనే పడినా. వాన ఎందుకు రాలేదో నాకు తెల్దు. కత్తి మట్టిలో పడింది మాత్రం నా చేతకానితనంతో. ఇందాక నువ్వు నబీ చిన్నాయనను అడిగినావే, అప్పుడు నేను శనక్కాయ కట్టె వెనకాలే ఉండా. ఇన్నా. బయటికి రాకుంటి."

చెప్పేశాడు. చెప్పాక ఒళ్ళు తేలికవుతుందని ఎక్కడో ఆశ ఉండింది. ఏమీ తేలికవలేదు. అందరూ చూస్తున్నారు. తల దించుకోవాలనిపించింది. దించుకుంటే గుర్రం మీద ఒరుగుతానని దించుకోలేదు.

రామాంజులు ఆశ్చర్యపోతాడనుకున్నాడు. వాడు ఆశ్చర్యపోలేదు. అటూ ఇటూ చూసి, గుర్రం మెడకు దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు.

"మెల్లగా అన్నా. ఇప్పుడు ఇదంతా అవసరమా?"

"నీకు తెలుసునా?"

"నాకేంది? ఊరంతటికీ తెలుసు. నడిబజార్లో పడితివి. కండ్లుండే ప్రతివాడూ చూసె. నిజం అంటే కత్తి మనింట్లో నుంచి పోతాది. అందుకే సుడి మాట అన్నాము. నువ్వు కాదనకుండా ఉంటే సాలనుకున్నాము. ఉంటివి గదా."

బయ్యన్న చేతిలో కళ్ళెం జారింది. ఏడాది పొడుగునా ఎవరికి తెలుస్తుందోనని ఎవరి కళ్ళలోకీ చూడలేకపోయాడో, వాళ్ళందరికీ మొదటి రోజు నుంచే తెలుసు. నమస్కారం పెట్టిన ప్రతివాడికీ తెలుసు. తెలిసే పెట్టారు.

"సుడి సంగతి ముందు అన్నది నువ్వేనా?"

రామాంజులు నేల చూశాడు. "నాకు గుర్రాల సుడులు ఏం తెలుసు అన్నా?"

"మరి ఎవరు?"

"వద్దన్నా."

"ఎవరు రా?"

"వదినె," అన్నాడు రామాంజులు. "ఆ పొద్దు నీకు కట్టు కట్టించినాక నన్ను పక్కకు పిలిచింది. 'మీ అన్న ఈ సిగ్గుతో బతకలేడు రామాంజులూ. గుర్రమైతే బతుకుతాది, దానికి సిగ్గుండదు గదా' అనింది. దాని కంటి కింద మచ్చ ఉండేది కూడా ఆమే చెప్పింది."

రైలు వచ్చింది. పెట్టెల చప్పుడులో ఎవరి మాటా వినబడలేదు. రోజూ కంచం ముందర పెట్టి, మోటారు బాగైందా అని కూడా అడగని మనిషి ముఖం బయ్యన్న కళ్ళముందు నిలబడింది. ఆ మౌనాన్ని నమ్మకం అనుకున్నాడు. తన కోసం ఆమె ఒక అబద్ధం మోసింది. ఆ అబద్ధం కింద ఒక ముసలాయన ఇల్లు నలిగిపోయింది. ఆమెను తిట్టే హక్కు కూడా తనకు లేదు, ఎందుకంటే ఆమె తన మొగుణ్ణి తప్పుగా అంచనా వేయలేదు. ఇందాక వామి వెనక నక్కినవాడు అచ్చంగా ఆమెకు తెలిసిన మనిషే.

గేటు లేచింది. వెనక హారన్లు మొదలయ్యాయి. "ఏమప్పా, పోతావా లేదా?" అని ఆటోవాడు అరిచాడు. బిజిలీ కదల్లేదు.

"దిగన్నా," అన్నాడు రామాంజులు బతిమాలుతూ. "బండి ఎక్కు. గుర్రాన్ని ఎవరన్నా తోలుకపోతారు. ఇది పొలిమేర దాటితే ఊర్లో ఊరుకోరు. ఆడోళ్ళు రాళ్ళు ఎత్తుతారు."

బయ్యన్న కళ్ళెం సరిచేసుకున్నాడు. నడుము నిలబెట్టుకున్నాడు.

"నువ్వు ముందర నడువు, దీని మిందే నీ వెనకాల వస్తాండా," అన్నాడు. "మీ వదినెకు ఫోన్ చెయ్యి. పొలిమేర కాడికి రమ్మను."